ఎనిమిది దెబ్బల ఖాళీ

మా బడి పాటల బృందం పాడే పాటలో మూడో చరణం మొదటి లైను ఎవరూ పాడరు. నేను బల్ల మీద అరచేత్తో ఎనిమిది దెబ్బలు వేస్తాను. ముప్పై మంది పిల్లలు నోళ్ళు మూసుకుని లెక్కపెట్టుకుంటారు, తర్వాత రెండో లైను అందుకుంటారు. ఆ లైను మా అమ్మాయిది. ఒక్కతే పాడేది. పదకొండేళ్ళ పిల్ల, జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

పాడేదంటే గొప్పగా ఏమీ కాదు. ఎప్పుడూ ఆలస్యంగా మూడో దెబ్బకి అందుకునేది. "నిద్రపోతున్నావటే? నీ వల్ల పాటంతా తప్పు" అని అందరి ముందూ కడిగేసేదాన్ని. జ్వరం వచ్చిన రోజు పొద్దున కూడా తిట్టాను. నేను పోయేదాకా నన్ను తినే మాట అది.

ఈ ఖాళీ సంగతి ఎవరి ద్వారానో విని, దాని మీద సినిమా తీస్తానని ఒక డైరెక్టరు ఇంటికొచ్చాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల. వద్దని చెప్పు" అన్నారు మావారు. ఆయన మాట నేనెప్పుడు విన్నాను గనుక! డైరెక్టరుకి ఒక్కటే షరతు పెట్టాను. ఆ ఖాళీ జోలికి పోకూడదు.

"అమ్మా, సినిమాకి ప్రాణమే అది" అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని.

మా సంగీతం గదిలో అయిదు రోజులు తీశారు. పెచ్చులూడిన గోడకి రంగేసి, మళ్ళీ ఆ రంగు మీద పెచ్చులూడినట్టు బొమ్మ గీశారు. నా వేషం కట్టినావిడ ఏ కంట్లో నీళ్ళు అడిగితే ఆ కంట్లో తెప్పించింది. నాకేమో దినాల్లో కూడా ఒక్క చుక్క రాలేదు. ఖాళీని మాత్రం ఉన్నదున్నట్టు తీశారు. నా కళ్ళతో చూశాను.

సినిమా మా బడి హాల్లోనే వేశారు. మూడో చరణం వచ్చింది. మొదటి దెబ్బ పడగానే ఒక ఆడపిల్ల గొంతు లేచింది, తేనె పోసినట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా. హాలంతా చప్పట్లు. హెడ్‌మిస్ట్రెస్ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పోయినవాళ్ళ కళ్ళు చారెడంటారు. మా పిల్లకి ఏకంగా వేరే గొంతే పెట్టేశారు.

డైరెక్టరుని గుమ్మం దగ్గరే ఆపాను.

"నేను ఉంచానమ్మా" అని నసిగాడు. "సౌండు కలిపే అతను అక్కడ పాట రికార్డు కాలేదనుకుని ఎవరిచేతో పాడించి పూడ్చేశాడు. విన్నాక బాగుందనిపించింది. ఖాళీ ఉంటే జనం స్పీకరు పోయిందనుకుంటారు కదమ్మా."

"మీ ఇంట్లో ఎవరైనా పోతే ఇలాగే పూడుస్తావా నాయనా?" అన్నాను. అతను ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

సోమవారం సాధన పెట్టాను. మూడో చరణంలో మొదటి దెబ్బ వేశానో లేదో, ముప్పై గొంతులూ ఆ లైను అందుకున్నాయి. సినిమాలో ఎలాగో అచ్చం అలాగే. చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది.

"సినిమా చూసి నేర్చుకున్నాం టీచర్. మీరు సంతోషపడతారని" అన్నారు. ఒక్కో ముఖం వెలిగిపోతోంది. తిట్టడానికి నాకు నోరు రాలేదు, అదీ జీవితంలో మొదటిసారి. బాగుందన్నాను.

గంట కొట్టారు, అందరూ పరుగెత్తారు. మా అమ్మాయి పక్కన నిలబడి పాడే పిల్ల మాత్రం సంచీ సర్దుకుంటూ ఉండిపోయింది.

"తను మూడో దెబ్బకి అందుకునేది కదా టీచర్. నాకు గుర్తుంది. అలాగే పాడదామన్నాను. వీళ్ళు వినలేదు."

"ఎందుకని?"

"అది తప్పు కదా టీచర్. మీరే చెప్పేవారుగా."

ఆ పిల్ల వెళ్ళాక తలుపు వేసుకున్నాను. బల్ల మీద ఒక దెబ్బ వేశాను. రెండోది వేశాను. మూడోది వేసి, దాని గొంతు అందుకుంటుందేమోనని చెవి ఒగ్గాను.