పడుకుని లేచేసరికి బాగయ్యే బొమ్మలు

సందెవేళ తల్లీ కూతురూ నేల మీద మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి కూర్చుని, సబ్బు పెట్టె అట్టతో బస్సు చేస్తూ ఉంటే చూసేవాళ్ళకి అంతకన్నా ముచ్చట ఏముంటుంది? అరుపుల్లేవు, దెబ్బల్లేవు. పిల్ల ముక్కు మీద జిగురు, తల్లి కొంగు నిండా కత్తిరింపు ముక్కలు. ఇలాంటి చోట ఒక తప్పు దాక్కుని ఉంటుందని ఎవరైనా అనుకుంటారా? మనమందరం పిల్లల్ని కన్నవాళ్ళమే, పెంచినవాళ్ళమే. అందుకే ఈ ఇంటి సంగతి కాస్త నిదానంగా వినాలి.

ఆ తల్లిది కుట్టుపని. ముందు గదిలోనే మిషను. వీధి మొత్తం మీద ఆవిడ కుట్టుకి వంక పెట్టినవాళ్ళు లేరు. వంకర కుట్టు గుమ్మం దాటకూడదని ఆవిడ పట్టు. రవికె తీసుకెళ్ళడానికి మనిషి వచ్చి వాకిట్లో నిలబడినా సరే, చంక దగ్గర పోగు పక్కకి పోయిందంటే “కూర్చోండి వదినా” అని కుట్టు విప్పేసేది. పెనిమిటి సిటీ బస్సు డ్రైవరు. అత్తగారు ఇంట్లోనే ఉంటుంది. ఇక అయిదేళ్ళ కూతురు. నోరు మూత పడదు, కాలు నిలవదు, అందుకని అందరూ పిట్ట అనే పిలుస్తారు.

దారం అయిపోయిన రీళ్ళు, తెగిన గుండీలు, గుడ్డపేలికలు ఉన్న ఇంట్లో పిల్లకి వేరే ఆటసామాను ఎందుకు? ఆ రోజు బస్సుకి రీళ్ళు చక్రాలయ్యాయి, గుండీలు లైట్లయ్యాయి.

“లైట్లు ముందు కదటే పెట్టాలి! వెనకాల అంటించావేంటి?” అంది తల్లి.

“మరి బస్సు వెనక్కి వెళ్ళేటప్పుడు ఎలా చూస్తుంది?”

“చక్రాలన్నీ ఒక పక్కే పెట్టావు!”

“ఇటు పక్కనే కదమ్మా మనం ఎక్కేది.”

మంచం మీద బూట్లు విప్పుకుంటున్న తండ్రి పకపకా నవ్వాడు. “పిట్టా, నాకు ఆ బస్సు ఇచ్చారంటే మాత్రం నేను ఉద్యోగం మానేస్తాను.”

పిట్ట జిగురు చేతులతోనే నిద్రపోయింది. తెల్లవారింది. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగే లోపల తల్లి అరుగు మీది బస్సుని చూసింది. ఒక పక్కకి ఒరిగి, ముసలి మేకలా ఉంది. ఆవిడ చెయ్యి ఊరుకుంటుందా? గుండీలు గోటితో లేపి ముందుకి అంటించింది. రీళ్ళు ఊడదీసి అటూ ఇటూ సర్దింది. అట్ట అంచు కత్తెరతో చెక్కింది. పిల్ల అంటించిన ముక్కలు మిగతా చెత్తతో కలిసి చేటలోకి పోయాయి. పాలు పొంగాయి, దించింది. పెద్ద పనేం కాదు. ఇదివరకు చేపకీ, పిల్లికీ, టోపీకీ చేసినదే.

పిట్ట లేస్తూనే పరుగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టింది. “అమ్మా! బస్సు బాగయిపోయింది! కళ్ళు ముందుకి వచ్చేశాయి!”

తల్లి నవ్వింది. అవుననలేదు, కాదనలేదు. నోరు తెరిచి చెప్పలేదు గనక అది అబద్ధం కాదనుకుంది.

అత్తగారు ఆ బస్సుని తీసుకెళ్ళి అల్మారాలో మిగతా వాటి పక్కన నిలబెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు అల్మారా చూపించాకే మంచినీళ్ళు. “మా మనవరాలి చేతిపని. అయిదేళ్ళంటే నమ్ముతారా? వాళ్ళమ్మ వేళ్ళే వచ్చాయి దీనికి.” పక్కింటావిడ అది చూసి, వెంట వచ్చిన సొంత కొడుకు నెత్తిన ఒక్కటి మొట్టింది. “నీకూ ఉన్నాయిరా చేతులు, తినడానికి!” ఆ పిల్లాడు తన చేతులకేసి తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఆ మొట్టికాయకి కారణం తనేనని కుట్టుపని తల్లికి తోచనేలేదు.

బడి ఏడాది ముగిసే రోజుల్లో టీచరమ్మ ఆవిడని పిలిపించింది.

“మీ పాప మాటల్లో గట్టిది. కానీ చేతిపని గంటలో ఏదీ పూర్తి చెయ్యదండీ. ఒక ముక్క అంటించి, పక్కన పెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంటుంది. చెయ్యమంటే అయిపోయిందంటుంది. అక్షరాలూ అంతే. సున్నా సగం చుట్టి వదిలేస్తుంది. ఇలాగే ఉంటే ఒకటో తరగతికి పంపలేను, ఇంకో ఏడాది ఇక్కడే ఉంచాలి. ఓసారి డాక్టరుకి కూడా చూపించండి.”

తల్లి నమ్మలేకపోయింది. మా పిట్టా? అల్మారా నిండా బొమ్మలు చేసిన పిట్టా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఇదేమిటి, ఇంట్లో అంత గెలిచిన పిల్ల రచ్చలోకి రాగానే ఇలా చతికిలబడింది? చిత్రమేమిటంటే ఆవిడకి ఆ బొమ్మలు తను సరిచేసినవన్న సంగతి గుర్తుకే రాలేదు. చూసి చూసి, అత్తగారి పొగడ్తలు విని విని, అవి పిల్లవేనని తనే నమ్మేసింది. మనసుకి ఎంత మాయ తెలుసో చూడండి.

మర్నాడు బస్సుని సంచిలో పెట్టుకుని బడికెళ్ళింది. “చూడండి టీచరమ్మా, ఇది చేసిన పిల్ల మందబుద్ధిదా?”

టీచరమ్మ బస్సు చూసింది, పిల్లని చూసింది. “నువ్వే చేశావా?”

“నేనే!” పిట్ట గొంతులో తడబాటు లేదు.

“అయితే అమ్మ ఎదురుగా ఇంకోటి చెయ్యి.”

అట్ట ఇచ్చారు, జిగురు ఇచ్చారు. పిట్ట ఒక చక్రం అంటించింది. అట్టని బల్ల కిందకి తోసింది. చేతులు కట్టుకుంది.

“అయిపోయిందా?”

“అయిపోయిందండీ. ఇంక అదే అవుతుంది.”

టీచరమ్మ తల్లికేసి చూసింది. తల్లి బల్లకేసి చూసింది. ఇద్దరికీ ఏమీ అంతుపట్టలేదు. కోపం రావాల్సిన చోట భయం వచ్చింది తల్లికి. ఇంటి దారి పొడుగునా పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది.

ఇంటికి రాగానే అత్తగారు అందుకుంది. “డాక్టరేమిటి, దిష్టి తగిలి ఉంటుంది. ఆ పక్కింటావిడ కళ్ళు మంచివి కావు.” తండ్రి “బడి మార్చేద్దాం” అన్నాడు. తల్లి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

“పిట్టా, అదే అవుతుందన్నావు కదా. అదే ఎలా అవుతుందమ్మా?”

పిట్ట తల్లిని జాలిగా చూసింది. ఇంత పెద్దదానికి ఈ మాత్రం తెలియదా అన్నట్టు. “పడుకుని లేస్తే అవుతుంది కదా! నేను కొంచెం చేస్తే చాలు, పొద్దున్నకి మిగతాది అదే చేసుకుంటుంది. చేప చేసుకోలేదూ? పిల్లి చేసుకోలేదూ?” అని కాసేపాగి, గొంతు తగ్గించింది. “బడిలోనే ఎందుకో అవ్వట్లేదు. ప్రతి రోజూ వెళ్ళి బల్ల కింద చూస్తున్నా. ఆ బల్ల మంచిది కాదేమోనమ్మా.”

అత్తగారు నవ్వబోయి, కోడలి మొహం చూసి ఆగిపోయింది.

తను పొద్దున్నే చేస్తూ వచ్చిన పని తల్లికి అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాలా, వద్దా? చెబితే పిల్ల నమ్మకం విరుగుతుంది. చెప్పకపోతే పిల్లే విరుగుతుంది. రెండూ తన చేతి పనే. ఎటు లాగినా చిరిగే గుడ్డలా తోచింది.

“అవి వాటంతట అవి బాగవ్వలేదు పిట్టా. నేనే బాగు చేశాను. నువ్వు లేవకముందు.”

పిల్లకి మొదట అర్థం కాలేదు. “బస్సు కళ్ళు?”

“నేనే మార్చాను.”

“చేప తోక? పిల్లి మీసాలు?”

“నేనే.”

పిట్ట దిగ్గున లేచి అల్మారా దగ్గరికి వెళ్ళింది. ఒక్కొక్క బొమ్మనీ తీసి తిరగేసి చూసింది. “మరి నేను చేసినవేవి?”

తల్లి అల్మారాకేసి చూసింది. అల్మారా నిండా తన కత్తిరింపే, తన అంటింపే. కూతురు చేతి గుర్తు ఒక్కటంటే ఒక్కటి లేదు. తన పిల్ల బాల్యాన్ని దాస్తున్నాననుకుని, రోజూ పొద్దున్నే చేటలోకి ఊడ్చి పారేసింది.

“చెప్పమ్మా, నావి ఎక్కడ పెట్టావు?”

“పారేశాను.”

పిల్ల ఏడుపు ఇల్లెగిరిపోయేలా అందుకుంది. “నా బస్సుని ఎవరు విప్పమన్నారు? నేను అడిగానా?” ఆ పూట తల్లి చేతి ముద్ద ముట్టలేదు. తండ్రి భుజాన వేసుకుని వీధిలో తిప్పితే గానీ ఊరుకోలేదు.

తండ్రి తిరిగొచ్చి నెమ్మదిగా అడిగాడు. “నీకు కుట్టు నేర్పినావిడ నీ వంకర కుట్లు ఏం చేసేదే?”

“విప్పు, మళ్ళీ కుట్టు అని నా ఒళ్ళోకి విసిరేది.”

“తను కుట్టేది కాదా?”

“చచ్చినా ముట్టుకునేది కాదు.”

ఆయన పిల్లని మంచం మీద పడుకోబెట్టాడు.

తర్వాతి రోజులు ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ పాలుపోలేదు. పిట్ట జిగురు ముట్టదు. ముట్టినా ప్రతి ముక్కకీ తలెత్తి, “ఇలాగా? ఇది తప్పా?” అని అడుగుతుంది. తప్పంటే ఏడుపు, ఒప్పంటే అనుమానం. పొద్దున్నే లేచి తన అట్టముక్కని వాసన చూస్తుంది, ఎవరైనా ముట్టుకున్నారేమోనని. తల్లి సాయం చేస్తే అదొక తప్పు, చెయ్యకపోతే ఆవిడ మనసొప్పదు. అత్తగారు అల్మారా ఖాళీ చేసి, వచ్చినవాళ్ళకి ముందు మంచినీళ్ళే ఇవ్వడం మొదలుపెట్టింది.

ఒకటో తరగతికి పంపాలో లేదో తేల్చడానికి టీచరమ్మ రమ్మన్న రోజు వచ్చింది. తల్లి జరిగిందంతా దాచకుండా చెప్పింది. టీచరమ్మ, “మేమూ పిల్లలవి సరిచేసి గోడకి అంటిస్తూనే ఉంటాం, మీరంతా వచ్చి చూస్తారని” అంది. తర్వాత పిట్ట ముందు అట్ట పెట్టి, “నీకు ఇష్టమైంది చెయ్యి. ఎవరూ ముట్టుకోరు” అంది.

పిట్ట ఇల్లు మొదలుపెట్టింది. గోడలు నిలబెట్టింది. పైకప్పు పెట్టింది, పడిపోయింది. తల్లికేసి చూసింది. తల్లి చెయ్యి దానంతట అదే ముందుకి లేచింది. ఆవిడ దాన్ని రెండో చేత్తో పట్టుకుని చంకలో నొక్కేసుకుంది. పిట్ట కప్పు మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. బల్ల కిందకి ఒకసారి చూసింది, అక్కడికి తోసేద్దామా అన్నట్టు. ఆ క్షణంలో తల్లికి, ఈ పిల్ల లేచి వచ్చేస్తే బాగుండునో, కూర్చుంటే బాగుండునో కూడా తెలియలేదు.

పిట్ట ఒక కాగితం చింపింది. ఉండ చుట్టి గోడ మూలన కుక్కింది. దాని మీద కప్పు ఆనించి, అరచేత్తో అదిమి పట్టుకుని, జిగురు ఆరేదాకా కదలకుండా కూర్చుంది. కాలు నిలవని పిట్ట! చెయ్యి తీసింది. కప్పు ఒక పక్కకి ఒరిగింది గానీ, పడలేదు.

“అయిపోయిందా?” అని టీచరమ్మ అడిగింది.

పిట్ట ఆలోచించింది. “ఇంకా లేదండీ. తలుపు చెయ్యాలి, నేనే.”

టీచరమ్మ ఒకటో తరగతి వరసలో ఒక ఖాళీ బల్ల చూపించి, “వచ్చే ఏడు అక్కడ కూర్చుంటావు” అంది. తల్లి కళ్ళు తుడుచుకుంటూ ఆ ఇంటికేసే చూసింది. వంకరగా ఉంది. సరిచెయ్యాలని వేళ్ళు ఇంకా దురద పెడుతున్నాయి. రేపూ పెడతాయని ఆవిడకి తెలుసు.

“అమ్మా, ఒక మాట” అంది టీచరమ్మ, ఆవిడతో పాటు తనకీ చెప్పుకుంటున్నట్టు. “పిల్లల చేత పని చేయించేది నలుగురు చూసి మెచ్చుకోవడానికి కాదు, వాళ్ళ చేతికి పని రావడానికి. బొమ్మ వంకరగా ఉంటే ఉండనివ్వండి, పిల్ల నిటారుగా నిలబడుతుంది.”