ముప్పావు కిలో ఎండ్రకాయ

సూళ్లూరుపేటలో నాది పీతల వ్యాపారం. మా వైపు ఎండ్రకాయలంటాం. పులికాట్ సరస్సులో పట్టినవాటిని బతికుండగానే తాడుతో కట్టి చెన్నై పంపాలి. కట్టేటప్పుడు కరిచే డెక్క ఊడిందంటే ధర పడిపోతుంది. అందుకే నా లాభనష్టాలు మా షెడ్డులో పీతలు కట్టే గిద్యోను చేతుల్లో ఉంటాయి. అతను కడితే డెక్క ఊడదు, అతన్ని ఏ పీతా కరవదు. ఈ రెండో మాట అతనే చెప్పుకునేవాడు. ఇంకెవరినైనా కరిస్తే షెడ్డంతా వినబడేలా ఎగతాళి చేసేవాడు.

మే నెలలో అతని కుడిచేయి వాచింది. అసలే షుగరు మనిషి. ఇంట్లో కూరగాయలు కోస్తుంటే కత్తికి చేయి తెగిందని చెప్పి ఊళ్లో సూది వేయించుకున్నాడు. వాపు మణికట్టు దాటి బొబ్బలు లేచాక నెల్లూరు ఆస్పత్రిలో చేర్చాను. అక్కడా కత్తే అన్నాడు. జ్వరం దిగలేదు.

డాక్టర్ కరుణాకుమారి గారు నన్ను పక్కకు పిలిచారు. “చీము పరీక్షకు పంపాం, ఫలితం ఇంకా రాలేదు. ఈ మందు పనిచేయడం లేదు. ఇలాగే పాకితే చేయి తీయాల్సి రావచ్చు. ఏం తగిలిందో నిజం తెలిస్తే మందు మారుస్తాను.”

ఆమెతో మంచం దగ్గరికెళ్లి గాయం చూశాను. బొటనవేలి మొదట్లో రెండు వైపులా గాట్లున్నాయి. కత్తి ఒక వైపే కోస్తుంది. కానీ సూటిగా అడిగితే గిద్యోను ఒప్పుకునే రకం కాదు. బేరంలో చేసే పనే చేశాను, బాగా తక్కువ నుంచి మొదలుపెట్టాను.

“ఏదో పిల్ల ఎండ్రకాయ గీరుంటుంది డాక్టరమ్మా. పావు కిలో కూడా ఉండదు.”

గిద్యోను కళ్లు తెరిచాడు. “నువ్వు చూసినావా అన్నా?”

“చూసేదేముంది. డెక్కల్లో బలం లేని ఆడదే అయ్యుంటుంది. దాంతో కూడా కరిపించుకున్నావంటే ముసిలోడివైపోయినట్టే.”

“ముప్పావు కిలో మగది,” అన్నాడు లేవబోతూ. “తాడు బిగిస్తా ఉంటే ఇడిపించుకోని పట్టింది. ఇంకోడైతే వేలే పోయుండేది.”

అతని భార్య అబిగయీలు తలకొట్టుకుంది. “మంచి కత్తి గదయ్యా, అచ్చిరాలేదని పారేసినానే.”

డాక్టరు గారు వెంటనే మందు మార్చారు. ఉప్పునీళ్ల క్రిమి కోసం చూడమని ల్యాబ్‌కు ఫోన్ చేశారు, చేతికి ఆపరేషన్ చేసి కుళ్లిన కండ తీయించారు. ఫలితంలో వచ్చిన పేరు షెవనెల్లా.

“సముద్రపు నీళ్లలో ఉంటుంది,” అన్నారామె. “మనుషులకు అరుదనుకునేవాళ్లం, ఇప్పుడు తీరాల్లో ఎక్కువగా బయటపడుతోంది. దీని మీద జరిగిన పరిశోధన తక్కువ. ల్యాబుల్లో వేరే క్రిమిగా పొరబడటమూ ఉంది. షుగరు ఉన్నవాళ్లు చిన్న గాటైనా దాచకూడదు.”

చేయి దక్కింది. బొటనవేలు కాస్త బిగుసుకుంది, కట్టడం నిదానించింది. ఆ నష్టం నేను భరించగలను. షెడ్డులో మంచినీళ్ల కుళాయి, సబ్బు పెట్టించాను. కానీ పీత కరిచినవాళ్లను కుళాయి దగ్గరికి తీసుకెళ్లేది మాత్రం గిద్యోనే. వాళ్ల చేయి కడిగిస్తూ తన కథ చెబుతాడు. మొన్నటికి ఆ ఎండ్రకాయ కిలోంబావు అయింది.

తూకం దగ్గర నేను ఎవరినీ నమ్మను. ఆ ఒక్కదాన్ని మాత్రం కాటా ఎక్కించమని అడగలేదు.