ఫోటో తప్పనిసరి

మా ప్రోగ్రాం చూపులేనివాళ్ల కోసం. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపిస్తుంది. ఊరికే ఇస్తాం, లోపం కనిపెట్టినవాళ్లు ఎవరైనా సరిచేసి పంపొచ్చు. అలా వచ్చినవాటిని చూసి చేర్చుకునే పని ఎనిమిదేళ్లుగా నాదే. పనికిమాలినవన్నీ వచ్చి పడుతుంటే ఒళ్లు మండి, పోయిన ఏడాది ఒక ఫారం పెట్టాను. ఒక్క గడి ఖాళీగా ఉన్నా యంత్రమే తిప్పి పంపేస్తుంది. పీడా పోయిందనుకున్నాను.

సోమవారం అక్క ఫోన్ చేసింది. ఆమెకు చూపు లేదు. ఆసుపత్రిలో విచారణల ఫోన్ దగ్గర పని.

"ఒరేయ్, ఆసుపత్రిలో కొత్త కంప్యూటర్లు పెట్టినప్పటినుంచీ నీ ప్రోగ్రాం గది నంబర్లలో చివరి అంకె మింగేస్తోందిరా. ఇద్దర్ని తప్పు గదికి పంపాను. శుక్రవారంలోగా బాగుపడకపోతే నా సీట్లో ఇంకొకర్ని కూర్చోబెడతారట."

"నేనున్నాను కదక్కా."

"కోతలాపి పని చూడు."

మూడు రోజులు తల బద్దలు కొట్టుకున్నా లోపం దొరకలేదు. గురువారం పొద్దున, ఇంకెవరైనా ఈ మాట చెప్పారేమోనని తిప్పి పంపినవాటిలో వెతికాను. 'పిచ్చుక' అనే మారుపేరుతో ఎవరో నాలుగు నెలల కిందటే సరిచేసి పంపారు. ఆరే ఆరు వరుసల కోడ్. తెర ఫోటో జతచేయలేదని యంత్రం మూడుసార్లు తిప్పికొట్టింది. చివరికి పిచ్చుక అడిగారు: "నాకు కళ్లు కనిపించవండీ. ఏ ఫోటో పెట్టను?" దానికీ యంత్రమే జవాబిచ్చింది: ఫోటో తప్పనిసరి.

చూపులేనివాళ్ల ప్రోగ్రాంకి ఫోటో అడిగిన మొనగాణ్ణి నేనే! సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ ఆరు వరుసలూ పరీక్షించి, సాయంత్రానికల్లా విడుదల చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఫారంలోంచి ఫోటో గడి పీకేశాను. ఇకమీద మనిషి చదవకుండా ఏదీ తిరిగిపోదని రాసిపెట్టాను. పిచ్చుకకు క్షమాపణ చెప్పుకున్నాను.

శుక్రవారం అక్క పక్కనే కూర్చున్నాను. నంబర్లన్నీ చివరిదాకా పలికాయి.

"బతికించావురా!"

"నేను కాదక్కా," అని జరిగిందంతా చెప్పాను.

"అదేం ఫారంరా, నీ మొహం!" అని ఇంత గొంతేసుకుని తిట్టింది.

అంతలో పిచ్చుక జవాబు వచ్చింది. పైకి చదవమంది అక్క.

"చేర్చుకున్నందుకు సంతోషమండీ. నాదీ ఫోన్ దగ్గరి ఉద్యోగమే. మీరు విడుదల చేసిందే తప్ప నేను సరిచేసుకున్నది ఆఫీసులో వాడనివ్వలేదు. రెండు నెలలు చూసి నన్ను తీసేశారు. ఇంకెవరికైనా పనికొస్తే అదే చాలు."

అక్క చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది.

"నా సీటు నిలబెట్టిన మనిషికి సీటు లేకుండా చేశావు కదరా," అంది.

ఇందాకటిలా తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా అంది.