ఎడమ జబ్బ మీది బిళ్ళ

చెయ్యి తిమ్మిరెక్కిందంటే నిద్ర బాగానే పట్టినట్టు, అనుకుంటూ పోలిరాజు కళ్ళు తెరిచేసరికి నర్సు బల్ల మీది పెట్టె మళ్ళీ కూత పెడుతోంది, నాలుగు రోజుల్లో ఇది మూడో మధ్యాహ్నం, గవరమ్మ గ్లూకోజు నీళ్ళతో పరుగున వస్తోంది, ఈ ఊరి లంబాలైన్ పేటలోనే పుట్టిన పిల్ల, నర్సుగా చేరి రెండేళ్ళు, తాతా జల్దీ తాగు, షుగరు యాభై నాలుగుకి పడిపోనాది అంటోంది, జబ్బకి అతికించిన రూపాయంత బిళ్ళ ఎప్పటికప్పుడు షుగరు చూసి ఆ పెట్టెకి చెప్పేస్తుందట, వింతే మరి, కానీ పొద్దున డాక్టరు ఏమన్నాడు, మాటిమాటికీ పడిపోతోందని ఇన్సులిన్ తగ్గించాం, కాలి పుండేమో మానడం లేదు, రేపు బొటనవేలు తీసేద్దాం అన్నాడు, అలాగే సాబ్ అని తలూపాడు తను, డెబ్భై ఒక్కేళ్ళ వాడు, వేలు పోతే ఊగే పడవలో కాలు నిలిచేదెలా అని ఒక్క మాటైనా అడగలేదు, సిగ్గు లేకపోతే సరి.

గ్లాసు చేతిలోనే ఉంది, తాగబుద్ధి కాలేదు, షుగరు పడిపోతే ఎలా ఉంటుందో తనకి తెలీదా, ఒకసారి నడిసముద్రంలో నిజంగానే పడిపోయింది, చొక్కా చెమటకి తడిసి ముద్దయింది, చేతులు వణికి తెడ్డు జారింది, తమ్ముడు నూకయ్య బెల్లం ముక్క నోట్లో కుక్కితే గానీ మనిషి కాలేదు, మరిప్పుడు చెమటేదీ, వణుకేదీ, నిన్న నూకయ్య షాదీపూర్ నుంచి వచ్చి కబుర్లలో పెట్టేస్తే కునుకే తీయలేదు, నిన్న కూతా లేదు, అంటే పడుకుంటేనే పడిపోతుందా, పడుకునేదెలా, ఎప్పుడూ ఎడమ పక్కకే, పడవలో వల తాడు జబ్బ కింద నొక్కిపెట్టి పడుకోవడం నాన్న అప్పయ్య నేర్పింది, శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకొచ్చిన మనిషి ఆస్తిగా తెచ్చుకున్నది ఆ పనితనమే, చేపలు పడి వల బరువెక్కితే తాడు జబ్బని లాగుతుంది, మెలకువొస్తుంది, మంచం మీద తాడు లేకపోయినా ఒళ్ళు అటే తిరుగుతుంది, బిళ్ళా ఆ జబ్బకే ఉంది, గంటసేపు తన బరువంతా దాని మీదే, నెత్తురే సరిగా ఆడనిచోట అది మాత్రం ఏం చూసి చెబుతుంది పాపం.

తాగీ మావా, ఆళ్ళకి తెలీదేటి అని భార్య గురువమ్మ గదమాయిస్తోంది, నువ్వాగవే అని ఆమెని ఆపాడు, అమ్మా గవరమ్మా, ముందు ఏలు గుచ్చి సూడు, తక్కువుంటే రెండు గ్లాసులు తాగుతాను, అరే తాతా, మెషీన్ ఝూట్ చెప్తుందా అంటోంది ఆ పిల్ల, అది పక్క మీద నలిగిపోనాదమ్మా, నాను దాని మీద పడుకున్నాను, గుచ్చీ బేటీ, గొంతు ఇంత గట్టిగా వస్తుందని తనకే తెలీదు, వార్డంతా ఇటే చూస్తోంది, చూడనీ, గవరమ్మ గుచ్చింది, రెండువందల తొంభై ఒకటి, ఆ పిల్ల గ్లాసు లాక్కుని డాక్టరు కోసం పరుగెత్తింది.

డాక్టరు విన్నాడు, ఇన్సులిన్ పెంచాడు, బిళ్ళ కుడి జబ్బకి మార్పించాడు, ఇకమీదట కూత పెడితే వేలు గుచ్చి చూశాకే గ్లూకోజు అన్నాడు, షుగరు దిగితే పుండు మానొచ్చు, కాలివేలు వారం చూద్దాం, మానకపోతే తీయాల్సిందే అన్నాడు, ఈసారి పోలిరాజు తలూపలేదు, అప్పుడు నాకు సెప్పి, నానడిగినదానికి జవాబిచ్చి తియ్యండి సాబ్ అన్నాడు, పుండు మానుతుందో లేదో ఎవడికి తెలుసు, భయం లేదని కాదు, ఉంది, కానీ ఈ ఒళ్ళు ఇన్నేళ్ళూ ఎలా పడుకుందో ఎలా లేచిందో తెలిసినవాడు ఈ ఆసుపత్రి మొత్తంలో తనొక్కడే, ఆ ఒక్కడూ నోరు మూసుకుంటే ఇక చెప్పేవాళ్ళెవరూ లేరు.