పడమటి గోడలో పడ్డ పొడి

మా మామగారు నలభై ఏళ్ళుగా తాపీమేస్త్రీ. ఇప్పుడాయన ఇల్లు కడుతున్న సైటులోనే నేను సిమెంటు పరీక్షలు చేసే ఉద్యోగిని. మా ఇద్దరికీ ఎక్కడా పేచీ లేదు, ఒక్క తెల్లపొడి దగ్గర తప్ప.

దాని పేరు సెల్యులోజ్ ఈథర్. చెట్ల గుజ్జు నుంచి తీస్తారు. బస్తా సిమెంటుకు గుప్పెడు వేస్తే చాలు, ఇసుక, సిమెంటు కలిపి తడిపిన మాలులోని నీటిని పట్టుకుని ఓ పట్టాన వదలదు. అందుకే ఎండకు గోడ పూత పగలదు. ఇదంతా చెబితే ఆయన మూతి ముడిచి, పొడులు మొహానికి రాసుకోవాలి గానీ గోడకెందుకన్నారు.

అంతటితో ఊరుకున్నారా? పొడి లేకుండానే పడమటి గోడకు పూత వేస్తాననీ, పగిలితే తాపీ వదిలేస్తాననీ ఇంజనీరు ముందు, కూలీలందరి ముందు మాటిచ్చేశారు. మధ్యాహ్నం నుంచీ ఆ గోడ నిప్పుల కొలిమి. అది పగిలి తీరుతుందని నాకు తెలుసు. మొన్న ఆయన జ్వరమొచ్చి మూడు రోజులు ఇంట్లో ఉన్నందుకే, గరిటె ఎలా పట్టాలో నేర్పి అత్తగారి ప్రాణం తోడేశారు. వేళాకోళానికి అంటున్నాను గానీ, పని మానేసిన ఆయన్ని నేను చూడలేను.

అందుకే ఆయన టీకి వెళ్ళొచ్చేలోగా, నీళ్ళు పోయని ఇసుక సిమెంటు కుప్పలో గుప్పెడు పొడి వేసి పారతో తిరగేశాను. ప్రేమకొద్దీ ఇంకాస్త వేశాను.

మాలు జిగురుగా గోడను కరుచుకుంది. ఒక్క ముద్ద కింద పడలేదు. అదంతా తన చేతి మహిమేనని మామగారు మీసం దువ్వారు. నేను బుద్ధిగా తలూపాను.

మర్నాడు పొద్దున్న చూస్తే వెంట్రుకంత పగులు లేదు. మామగారు ఛాతీ విరుచుకునేలోపే ఇంజనీరు బొటనవేలితో నొక్కాడు. వేలు గోరు దాకా దిగింది. పొడి మోతాదు మించితే సిమెంటు ఎంతకీ గట్టిపడదు. తప్పు నాదేనని, గుప్పెడు పైచిలుకు వేశానని ఒప్పేసుకున్నాను. ఆ మాత్రానికి ఇంత మెత్తగా ఉండదని ఇంజనీరు నమ్మలేదు.

మామగారు తనూ ఆ గోడను వేలితో నొక్కి చూశారు.

"మిగతాది నేనేశా. నువ్వు రాకముందే, దోసిలితో."

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. తాపీ తెచ్చి నా చేతిలో పెట్టారు. అన్నంత పనీ చేస్తున్నారనుకుని, దాన్ని తిరిగి ఆయన చేతికివ్వబోయాను.

"ముందు ఇదంతా గీకెయ్యమ్మా," అన్నారు. "ఈసారి పొడి నువ్వు కొలువు. పూత నేనేస్తా."