తోక ముక్క

మనుషులు మూడు రకాలని నాగులమ్మక్క నమ్మకం. తలకాయ ముక్క ఏరుకునేవాడు, నడిముక్క కోరేవాడు, తోక ముక్కతో సరిపెట్టుకునేవాడు. చేపల పులుసు ముందు కూర్చోబెడితే చాలు, ఎవడి బుర్ర ఎటు నడుస్తుందో చెప్పేస్తానంటుంది. తలకాయ తినేవాడు సందుసందునా వెతికి, ముల్లు తీసి మరీ తింటాడు గనక ఆలోచన గలవాడు. నడిముక్కవాడికి సుఖం కావాలి. మాట తియ్యగా ఉంటుంది, పని బరువెక్కితే నడుం పట్టేస్తుంది. ఇక తోకవాడు. తోకవాడు మంచోడు. అంతే, అక్కడితో ఆపేస్తుంది. పనికి మంచోడు, పెత్తనానికి కాదు అని మిగతాది మనమే అనుకోవాలి.

నేను తోకవాడిని.

మొగుడు పోయాక నాగులమ్మక్క పడవ వ్యాపారం తన చేతిలోకి తీసుకుంది. శ్రీహరికోటలో పొయ్యిల్లోకి సర్వి కట్టెలు ఎక్కించుకుని, పులికాటు సరస్సు దాటి, కాలువలో పడి మద్రాసు చేరాలి. ఆ పడవలో నేను గెడ వేసేవాడిని. వెదురు గెడను నీళ్లలో అడుగుకు దించి, పైకొసను భుజానికి ఆనించి, పడవ ముందు నుంచి వెనక్కి తోసుకుంటూ నడవాలి. మళ్లీ ముందుకు రావాలి, మళ్లీ నడవాలి. తెల్లారి మొదలుపెట్టి పొద్దుగూకేదాకా నడిచినా పడవ పొడుగు దాటలేం. వెనక చుక్కాని దగ్గర సరంగు కూర్చుంటాడు. కూర్చుంటాడు! ఆ మాటే నాకు ముల్లులా దిగేది. భుజం మీద కాయ కాసి, ఆ కాయ పగిలి, మళ్లీ కాసేంత కాలం నేను అతని ముందు నుంచే నడిచాను.

అరవై రెండులో, ఎలక్షన్ల సందడి అణిగి ఎండలు ముదిరిన రోజుల్లో, మా సరంగు కామాక్షయ్య మామ పడవను పట్టపగలు ఇసుక దిబ్బ మీదికెక్కించాడు. కళ్లకు పొరలు కమ్మాయి పాపం. కొత్త సరంగు కావాలి. ఉన్నదల్లా నేనూ మాల్యాద్రీ. వాడు మొన్న మొన్న పడవెక్కిన కుర్రవాడు. మాటకారి.

"రేపు మజ్జానం రేవులో పులుసు పెడతా, అందరూ రండి" అని నాగులమ్మక్క కబురు చేసింది. ఎందుకు పెడుతోందో అందరికీ అర్థమయింది.

ఆ సాయంత్రం నాకు కాలు నిలవలేదు. ఇంట్లోకి పోవడం, వాకిట్లోకి రావడం. మా ఆడది చెంచమ్మ చూసి చూసి, "కాలు కాలిన పిల్లి మాదిరి ఏందా తిరుగుడు?" అంది.

"రేపు తలకాయ ముక్క తీసుకుంటా."

"నీకు తినను వచ్చునా?"

"తినేదానికి కూడా సదువుండాలా?"

"ఏమో మరి. నువ్వు మూడో తరగతి దాటలేదు గదా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు రేవులో తాటాకు పందిరి కింద కూర్చున్నాం. పండుగప్ప చేప, మామిడికాయ వేసి కాచిన పులుసు. ఎప్పుడూ తనే వడ్డించే నాగులమ్మక్క, ఆ రోజు గరిటె చట్టిలో వదిలేసి దూరంగా జరిగి కూర్చుంది.

"ఎవురికి కావాల్సింది వాళ్లు ఏసుకోండి."

నేను గరిటె పట్టుకున్నాను. ఒకసారి ఆమె వైపు చూసి, తలకాయ తీసుకున్నాను. అది పళ్లెం నిండా పరుచుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. దవడ పట్టి లాగితే కన్ను ఊడి అన్నంలో పడింది.

మాల్యాద్రి నిమ్మళంగా నడిముక్క వేసుకుని, "అన్నా, అది నిన్నే చూస్తుండాది. ముందు నువ్వు పలకరిస్తావా, అదే పలకరించాలా?" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు.

నాగులమ్మక్క నవ్వలేదు. "తలకాయ తినేవోడు చట్టిలోకి చూసి తీసుకుంటాడు పోలయ్యా. నువ్వు నా మొకంలోకి చూసి తీసుకున్నావు. నువ్వు తోకోడివే."

పళ్లెం పక్కకు తోసి లేచాను.

"ఎవురు చెప్పినారక్కా నేను తోకోడినని? మా ఇంట్లో ఆరుగురం, నేను ఆఖరోడ్ని. చట్టి నా దాకా వచ్చేలోపల తోకే మిగిలేది. ఈ పడవెక్కినాక చట్టి నీ ముందరుండాది. గరిటె నీ చేతిలో ఉండాది. ఇన్నేళ్లూ నా పళ్లెంలో తోక ఏసింది ఎవురు? నువ్వే ఏస్తివి, నువ్వే తోకోడంటివి!"

కామాక్షయ్య మామ తన పళ్లెంలో చేత్తో తడుముకుంటూ, "అవున్నాగులూ, నాకు తలకాయ ఏసింది గూడా నువ్వే. నేను సరంగునయినాకనే గదా ఏస్తివి" అన్నాడు.

నాగులమ్మక్క మొహం నల్లబడింది. "నోరు తెరిచి అడగొచ్చు గదరా!"

"అడిగుంటే, నడిముక్కోడి బుద్ధి అనేదానివి."

దగ్గరికి జరిగి, చట్టి తన ముందుకు లాక్కుంది. "సరే, ఇప్పుడడుగుతుండా. నీకు నిజంగా ఏ ముక్కంటే ఇష్టం?" అంది.

నోరు తెరిచాను. నాలుక మీదికి తోకే వచ్చింది. ఆ పలచటి కండ, రెక్క ముళ్ల మధ్య ఇంకిన పులుపు, చివరన చప్పరించే ఆ అంచు. చిన్నప్పటి నుంచీ నోరు ఎరిగిన రుచి అదొక్కటే. ఆ మాట అన్నానా, చుక్కాని పోయినట్టే.

"తలకాయే" అన్నాను.

"అయితే పో. పోయి చుక్కాని పట్టుకో."

పట్టుకున్నాను. నా గెడ మాల్యాద్రి భుజానికి పోయింది. ఇప్పుడు వాడు నా ముందు నుంచి నడుస్తాడు, నేను కూర్చుంటాను. కూర్చోలేకపోతున్నాను, అదీ నా బాధ. గాలి మారిందంటూ లేస్తాను, తెరచాప తాడు చూసే నెపంతో లేస్తాను. భుజం మీద కాయ మెత్తబడుతుంటే దురద.

మధ్యాహ్నం పడవ రేవుకు చేరితే నాగులమ్మక్క పులుసు తెస్తుంది. అడగకుండానే నా పళ్లెంలో తలకాయ పడుతుంది. నిన్న ఇక పట్టలేక నోరు తెరిచి అడిగాను. అడగొచ్చు గదా అన్న మనిషే కదా.

"అక్కా, ఈ పూట నాకు తోక ఎయ్యి."

ఆమె పకపకా నవ్వింది. "సరంగువి, నీకు తోకేందిరా? పరాచికాలా?"

ఆ తోక మాల్యాద్రి పళ్లెంలో పడింది. మాటకారి మాల్యాద్రి కిక్కురుమనకుండా తలవంచుకుని తిన్నాడు. అంచు దాకా వచ్చి, చప్పరించకుండానే పారేశాడు. వాడికి తినడమే రాదు.

నాగులమ్మక్క వాడిని తేరిపార చూసి, నా వైపు వంగి మెల్లగా అంది.

"మంచోడురా పోలయ్యా వీడు."

ఇంకేమన్నా అంటుందేమోనని చూశాను. అనలేదు. నేను తలకాయలో వేలు పెట్టి ముల్లు వెతుక్కోవడం మొదలుపెట్టాను.