రెండో విడతకు వదిలిన గోడ

ఇల్లంతా ఒకేసారి బాగుచేయించే తాహతు లేక రెండు విడతలుగా చేయిద్దామనుకున్నాం. ముందు వంటింటి గోడ పట్టుకోమని మేస్త్రీ వెంకటి చెప్పాడు. పాత మట్టిగోడ, బయటికి ఉబ్బి ఉంది. నేను వింటేగా! వచ్చినవాళ్ళ కంట పడేది ముందు గదే కదా అన్నాను. గడ్‌చాందూర్ నుంచి తెల్లటి టైల్స్ తెచ్చి పరిపించాను. రోజూ వాటిని చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

వానలకు ముందే వంటింటి గోడ కూల్చాలని ఒక రోజు కూడా ఖాయం చేసుకున్నాం. అంతలో కోడలు ప్రతిభ నెల తప్పింది. అప్పటికి రెండుసార్లు కడుపు నిలవని పిల్ల. పనికి వచ్చిన వెంకటిని నా భార్య ఐలమ్మ గడపలోనే ఆపింది.

"కడుపుతోని ఉన్న పిల్ల ఇంట్ల గోడ కూలగొడ్తరా అన్నా? కాన్పైనంక రా."

మా ఊళ్ళలో అందరూ పాటించేదే. వెంకటి పనిముట్లు సర్దుకున్నాడు. "గోడ పక్కకు ఎక్కువ కూసోకు చెల్లె," అని మాత్రం చెప్పి వెళ్ళాడు.

ఆషాఢంలో ముసురు పట్టింది. ఐలమ్మ కోడలిని వంటింట్లో అడుగు పెట్టనివ్వలేదు. నాలుగో రోజు పొద్దున నా దగ్గరికి వచ్చింది.

"పొయ్యి ముందటి అర్రలకు తెచ్చుకుంటనయ్యా. గోడ మట్టి రాలుతున్నది."

"కట్టెల పొయ్యి పెడితే టైల్స్ నల్లగైతయి. రెండు దినాలు ఓర్సుకో," అన్నాను.

ప్రతిదానికీ నాతో వాదించే మనిషి, ఆ రోజు వాదించలేదు. రొట్టెలు చేయడానికి వంటింట్లోకే వెళ్ళిపోయింది.

గోడ కూలినప్పుడు నేను ఆ టైల్స్ మీద కూర్చుని చాయ్ తాగుతున్నాను. గడ్డపార తెస్తానన్నాడు కొడుకు ఎల్లేష్. అమ్మకు తగులుతుందని వద్దన్నాను. ఇద్దరం చేతులతోనే మట్టి తోడాం. అప్పటికే ఆమె లేదు.

దినాలయ్యాక పొయ్యి ముందు గదిలోకే వచ్చింది. ఇంకెక్కడ పెడతాం? మార్గశిరంలో ప్రతిభకు ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్ళాక వెంకటి వచ్చి, గోడ లేని వంటింటిని తాడుతో కొలుచుకున్నాడు. తర్వాత ముందు గదిలోకి వచ్చి, మసి పట్టిన టైల్స్‌ను బొటనవేలితో రుద్ది చూశాడు.

"గోడ లేపినంక ఇవి కూడ కడిగిస్త బావా. తెల్లగైతయి."

"నల్లగుంటే ఉండనీ, వెంకటీ," అన్నాను.

ఆ రోజు ఐలమ్మతో అనవలసిన మాట అదొక్కటే.